వంతలు లేని కథ: కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’

ర్యాప్ పాట ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన అభ్యుదయవాదుల దగ్గర రెండు తీర్పులు సిద్ధంగా వుంటున్నాయి. యిది అమెరికా బజారు సరుకు, బూతులూ బంగారు గొలుసులూ తుపాకులూ తప్ప యిందులో మరేమీ లేదు, దీన్ని తలకెత్తుకోవటమంటే పరాయి వ్యాపారికి వీధి తలుపు తీయటమే అన్నది మొదటిది. యిది పీడిత నల్లజాతి గొంతు, కాబట్టి వేరే విచారణ అక్కరలేకుండానే అభ్యుదయ సాహిత్యం అన్నది రెండవది. మొదటి తీర్పు చెప్పేవారు పాట వినరు. రెండవ తీర్పు చెప్పేవారు పల్లవి దాకా విని లేచిపోతారు. వస్తువేమిటి, ఆ వస్తువు యే శిల్పంలో నిలబడింది, యెక్కడ నిలబడలేక కూలింది అని అడిగే శ్రమ యిద్దరికీ తప్పిపోతున్నది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. సంగీత శాస్త్రం నా విషయం కాదు. యీ ఆల్బమ్‌ను నా చెవిన వేసినవారు గాజువాక, మల్కాపురం వైపు నుంచి కాలేజీకి వచ్చే విద్యార్థులు. దీన్ని నేను పాటల సంపుటిగా కాక, కావ్యంగా చదువుతున్నాను. అట్లా చదవమని దాని నిర్మాణమే అడుగుతున్నది.

2015 మార్చిలో వెలువడిన యీ ఆల్బమ్‌లో 16 పాటలున్నాయి. మొత్తం 79 నిమిషాలు. పేరులోని క్రియాపదాన్ని చూసి మర్యాదస్తులు ముఖం చిట్లిస్తారు గాని, దానికి మన భాషలో సూటి అయిన మాట వుంది: తార్చటం. సీతాకోకచిలుకను తార్చటం. గొంగళిపురుగు వీధిలో పుట్టిన సామాన్యుడు. సీతాకోకచిలుక అతనిలోని ప్రతిభ. ఆ ప్రతిభకు రెక్కలు రాగానే దాన్ని బజారుకు తార్చే బేరగాళ్లు చుట్టూ మూగుతారు. యింతకన్న ఘోరమైన సంగతి మరొకటుంది. రెక్కలు వచ్చినవాడు తానే తనను తార్చుకోవటానికి సిద్ధపడతాడు. ఆల్బమ్ భావమంతా యీ రెండో సంగతి మీద నిలిచింది. దీన్ని అమ్మిపెట్టినది యూనివర్సల్ అనే బహుళజాతి సంగీత వ్యాపార సంస్థకు చెందిన ఇంటర్‌స్కోప్ కంపెనీ అన్న విషయం కవికి తెలియనిది కాదు. అతని గొంతులోని చేదంతా అక్కడిదే.

యీ కవి పుట్టిన కాంప్టన్ లాస్ ఏంజెలెస్ పక్కనే వున్న చిన్న పట్టణం. ఆ ప్రాంతాన్ని తుపాకుల పట్టణంగా సినిమాలు పరిచయం చేశాయి గాని, తుపాకులకు ముందు అక్కడ ఫ్యాక్టరీ కూతలుండేవి. సౌత్‌గేట్‌లోని ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడి జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ 1982లో. వెర్నన్‌లోని బెత్లెహామ్ ఉక్కు కర్మాగారం కూడా 1982లోనే. కెండ్రిక్ తల్లిదండ్రులు షికాగో నుంచి కాంప్టన్‌కు వచ్చినది 1984లో. అతను పుట్టినది 1987లో. అంటే ఆ తరం పిల్లలు కళ్లు తెరిచేసరికి, తండ్రులకు జీతమిచ్చిన గేట్లకు తాళాలు పడి వున్నాయి. ఆ గేట్ల ముందు మిగిలిన ఖాళీలోకి మత్తుమందు వ్యాపారం వచ్చింది, ముఠాలు వచ్చాయి, వాటి వెనుక పోలీసులు వచ్చారు. ఉక్కు పట్టణంలో కూర్చుని యీ మాటలు వ్రాస్తున్నవాడికి యీ తేదీలు వూరికే గుర్తుండవు.

మొదటి పాట ‘వెస్లీస్ థియరీ’. పన్నుల కేసులో 2010 నుంచి 2013 వరకు జైలులో వున్న నల్లజాతి నటుడు వెస్లీ స్నైప్స్ పేరు అది. పాట మొదటి భాగంలో, కొత్తగా డబ్బు చూసిన కుర్రవాడు తానేమేమి కొంటాడో జాబితా చెబుతాడు. రెండవ భాగంలో అమెరికా ప్రభుత్వమే అంకుల్ శామ్ రూపంలో వచ్చి, యిల్లు తీసుకో, కారు తీసుకో, అప్పు మీదనైనా తీసుకో అని బుజ్జగిస్తుంది. బుజ్జగింపు చివర వల బిగుస్తుంది. సినిమా టిక్కెట్టు డబ్బులతో రాజైపోయిన వాణ్ణి యీ వ్యవస్థ యేం చేస్తుందో వొక్క పాటలో చెప్పిన నేర్పు సామాన్యమైనది కాదు. నాలుగో పాటలో యితను తన వీధి మిత్రులను వొక అవార్డుల సభకు తీసుకుపోతాడు. అక్కడి ధనవంతుల వొంటిమీది బంగారం చూసి మిత్రుడికి వచ్చే ఆలోచన వొక్కటే: దోచుకోవటం. కవి ఆ మిత్రుణ్ణి ఖండించడు, వెనకేసుకు రాడు. అతని చేత మాట్లాడిస్తాడు. నాటకీయత అంటే యిదే.

ఆరవ పాట పేరు ‘యు’, అంటే నువ్వు. హోటలు గదిలో తాగి, అద్దం ముందు కూలబడి, తన్ను తాను తిట్టుకునే మనిషి కేక యిది. కాంప్టన్‌లో స్నేహితుడు తుపాకి గుండు తగిలి ఆసుపత్రిలో ప్రాణం విడుస్తూంటే, లోకమంతా తిరుగుతున్న యీ కవి ఫోను తెర మీద పలకరించి వూరుకున్నాడు. ఆ నేరారోపణే పాట. పాట మధ్యలో యెవరో తలుపు తడతారు. హోటలు గదులు శుభ్రం చేసే స్త్రీ. స్పానిష్‌లో తలుపు తీయమంటున్నది, గది వూడవాలి, తనకు వ్యవధి లేదంటున్నది. యితను తన దుఃఖంలో మునిగి వున్నాడు. ఆల్బమంతా విన్నాక, పనిలో వున్న మనిషిగా నాకు గుర్తుండిపోయిన గొంతు యిదొక్కటే. ఆ గొంతు బయటనే వుండిపోయింది. కవి యిది తెలిసి చేశాడో తెలియక చేశాడో అన్నది పెద్ద విషయం కాదు. తన జనం కోసం కన్నీరు పెడుతున్న విజయవంతుడి తలుపు అవతల, ఆ పూట కూలి కోసం వొక స్త్రీ నిలబడి వుంది. యీ దృశ్యాన్ని మించిన వర్గ వ్యాఖ్య ఆ 79 నిమిషాలలో మరొకటి లేదు.

యిక శిల్పం. మూడవ పాట ‘కింగ్ కుంటా’ చివర కవి గద్య స్వరంలో నాలుగు ముక్కలు పలికి ఆపేస్తాడు. మరో పాట తరువాత అవే ముక్కలు మళ్లీ వస్తాయి, ఆపైన యింకొన్ని కలుస్తాయి. యిట్లా ఆ పద్యం పాట వెంట పాట పెరుగుతూ పోతుంది. తన పలుకుబడిని తాను దుర్వినియోగం చేశానన్న ఒప్పుకోలు, నిరాశ, పారిపోయి తిరగటం, యింటికి తిరిగి రావటం, అన్నీ దానిలో పోగుపడతాయి. యెవరితో చెబుతున్నాడో మనకు తెలియదు. చివరి పాట ‘మోర్టల్ మాన్’లో పద్యం పూర్తయ్యాకగాని తెలియదు: 1996లో హత్యకు గురైన టుపాక్ షకూర్‌కు వినిపిస్తున్నాడు. 1994లో వొక స్వీడిష్ పాత్రికేయుడికి టుపాక్ యిచ్చిన ఇంటర్వ్యూలోని గొంతును తీసి, ప్రశ్నల స్థానంలో తన ప్రశ్నలు పెట్టి, చనిపోయినవాడితో సంభాషణ నడిపాడు.

యీ పద్ధతి కొత్తదే గాని, దీని వెనుక వున్న అవసరం మనకు కొత్తది కాదు. బుర్రకథ చూసినవారికి యిది సులభంగా అర్థమవుతుంది. కథకుడు వొక్కడే కథ చెప్పడు. కుడిపక్క వొకడు, యెడమపక్క వొకడు వంతలుంటారు. వొకడు హాస్యం పట్టుకుంటాడు, మరొకడు రాజకీయం. కథకుడు మరీ వీరావేశంలోకి పోతే హాస్యగాడు నేలమీదికి లాగుతాడు. పాత కథలో మునిగిపోతే రెండోవాడు యీనాటి ధరల మాట యెత్తుతాడు. ప్రజానాట్యమండలి రోజులలో షేక్ నాజర్ (1920–1997) కథ చెబుతూంటే వేలమంది కదలకుండా కూర్చున్నారంటే అది వొక్క నాజర్ గొంతు మహిమ మాత్రమే కాదు. కథకుడి మాటకు అక్కడికక్కడే జవాబు చెప్పే ఏర్పాటు ఆ కళారూపంలోనే వుంది. ‘తందాన’ అనేవాడు లేకపోతే బుర్రకథ హరికథ అయిపోతుంది.

కెండ్రిక్ కథకు వంతలు లేరు. వుండవలసినవారు కాంప్టన్‌లో వుండిపోయారు. అందుకని అతను తానే గొంతులు మార్చి వంతలవుతాడు. తాగినవాడి గొంతు, తల్లి గొంతు, మిత్రుడి గొంతు, లూసీ అన్న పేరుతో లూసిఫర్ గొంతు, అన్నీ తనవే. యీ గొంతు మార్పులను సంగీత విమర్శకులు విన్యాసమని మెచ్చుకున్నారు. నాకు అది ఒంటరితనం. చివరకు గత్యంతరం లేక మరణించినవాణ్ణి వంతగా పిలిచాడు. సీతాకోకచిలుక కథ చదివి వినిపించి, నీ అభిప్రాయం చెప్పమని అడిగితే, అవతల నిశ్శబ్దం. పేరు పెట్టి పిలుస్తాడు. జవాబు లేదు. ఆల్బమ్ అక్కడ ఆగిపోతుంది.

ఛందస్సు మాట రెండు ముక్కలలో చెబుతాను. ఇంగ్లీషు పద్యం ప్రాసను పాదం చివర కట్టేసింది. ర్యాప్ దాన్ని విప్పి పాదమంతటా తిప్పింది. ద్వితీయాక్షర ప్రాసకూ యతికీ అలవాటుపడిన మన చెవికి యిది పరాయి విద్యగా తోచదు. ముత్యాలసరాలను చూసి యిది ఛందస్సా అన్నవారి వారసులే యీనాడు ర్యాప్‌ను చూసి యిది పాటా అంటున్నారు. వారితో వాదం నాకు అనవసరం.

లోపాల దగ్గర మాత్రం మనం మొగమాటపడకూడదు. పదమూడవ పాట ‘ది బ్లాకర్ ది బెర్రీ’ (వాలస్ థర్మన్ 1929లో వ్రాసిన నవల పేరు అది) తెల్ల అహంకారం మీద నిప్పులు కక్కుతూ సాగి, చివర హఠాత్తుగా తనవైపు తిరుగుతుంది. 2012లో ఫ్లోరిడాలో పదిహేడేళ్ల ట్రెవాన్ మార్టిన్ హత్యకు కన్నీరు పెట్టిన నేను, ముఠా కోసం నాకన్న నల్లవాణ్ణి చంపినవాణ్ణే కదా, కపటిని కదా అంటాడు పాటలోని వక్త. ఆత్మవిమర్శ మంచిదే. కాని యిక్కడ రెండు హత్యలను వొకే త్రాసులో వేశాడు. వొకటి చట్టం అండతో నిర్దోషి తీర్పు పొందిన హత్య. రెండవది ఫ్యాక్టరీలు మూతబడిన వీధిలో దారిద్ర్యం చేయించిన హత్య. తూనికరాయి యెవరి చేతిలో వుందో కవి అడగలేదు. అడిగి వుంటే మొదటి పాటలో అంకుల్ శామ్‌కు పెట్టిన ముసుగు యిక్కడ కూడా తీసి వుండేవాడు. యింకొకటి: పాపానికి స్త్రీ రూపమివ్వటం. సైతానుకు లూసీ అని ఆడపేరు పెట్టి ప్రలోభమంతా ఆమె నోట పలికించటం మన ప్రబంధ కవుల మేనక కన్న యేమంత ముందడుగు కాదు.

‘హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్’ పాటలో దక్షిణాఫ్రికాలో వొక పెట్రోలు బంకు దగ్గర బిచ్చగాడు పది రాండులు అడుగుతాడు. యితను యివ్వడు. ఆ బిచ్చగాడు దేవుడని చివర తెలుస్తుంది. శివుడు జంగమ వేషంలో వచ్చి సిరియాళుణ్ణి పరీక్షించిన కథ బసవపురాణంలో చదివినవారికి చట్రం తెలిసిందే. తేడా యేమిటంటే అక్కడ భక్తుడు గెలుస్తాడు, యిక్కడ వోడిపోతాడు. ఆ వోటమిలో నిజాయితీ వుంది. కాని దానం చెయ్యలేదన్న పశ్చాత్తాపంతో సరిపెట్టుకుంటే, అడుక్కునేవాడు అడుక్కుంటూనే వుంటాడు.

యింతా చెప్పి, యీ ఆల్బమ్ మన విద్యార్థులకు యెందుకు అవసరమని నేను పట్టుబడుతున్నాను? వంగపండు ప్రసాదరావు (1943–2020) యిదే వూరి హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశాడు. యంత్రాన్ని నడిపేదెవరన్న ప్రశ్న మీద అతను కట్టిన పాటకు వంతల కొరత లేదు. పక్కనే పనిచేసేవాళ్లు వంతలు. ఆ పాట యంత్రం ముందు నిలబడ్డవాడిది. యంత్రాన్ని వదిలి పైకి పోయినవాడి పాట మన దగ్గర లేదు. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాల భూమి పోయింది. ఆర్ కార్డు చేతిలో వుండీ ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో వున్నాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం ఆ కర్మాగారాన్ని అమ్మాలని నిర్ణయించాక కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. అటువంటి యింటి నుంచే వొక కుర్రవాడు ఇంజనీరింగు చదివి హైదరాబాదో అమెరికాయో చేరి, తండ్రి శిబిరంలో కూర్చున్న ఫోటోను ఫోనులో చూస్తాడు. వాణ్ణి గురించి మన అభ్యుదయ సాహిత్యం యేమంటున్నది? బాగుపడ్డాడని యింట్లోవాళ్లు అంటారు, వర్గాన్ని మరిచాడని మనం అంటాం. వాడి రాత్రి యెట్లా గడుస్తుందో యెవరూ వ్రాయలేదు. కెండ్రిక్ వ్రాశాడు. జవాబు చెప్పలేకపోయాడన్నది వాస్తవం. ప్రశ్నను మాత్రం పూర్తిగా అడిగాడు. వేయిమందిలో వొకడికి వచ్చే యీ వేదనను తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఆకలికి బదులుగా పెట్టనంతవరకు దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు.

పదిహేనవ పాట ‘ఐ’ విడిపాటగా 2014 సెప్టెంబరులోనే వచ్చింది. ఆత్మవిశ్వాసం పొంగే నున్నటి పాట. బహుమతులు కూడా గెలిచింది. ఆల్బమ్‌లో దాన్ని కవి తన చేతులతోనే పగలగొట్టాడు. వేదిక మీద పాడుతున్నట్టుగా నడిపించి, మధ్యలో శ్రోతల మధ్య కొట్లాట పుట్టించి, పాట ఆపించి, వొకరినొకరు చంపుకున్నవారి లెక్క అడిగాడు. బజారులో అమ్ముడైన పాటను జనం గొడవలోకి దింపిన ఆ క్షణంలోనే అతనికి వంత పాడేవారు దొరికేటట్టు కనిపిస్తారు. ఆ వెంటనే ‘మోర్టల్ మాన్’ నిశ్శబ్దం వచ్చేస్తుంది.

వంతలు దొరికినది ఆల్బమ్ బయట. 2015 జూలైలో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి ఉద్యమకారుల సదస్సు ముగిసిన చోట, పద్నాలుగేళ్ల బాలుణ్ణి పోలీసులు పట్టుకోగా, అడ్డుపడిన జనం ‘ఆల్‌రైట్’ పల్లవిని యెత్తుకున్నారు. ఆ తరువాత అనేక వూళ్ల వీధులలో అది పోలీసుల యెదుట పాడే పాట అయింది. ఆల్బమ్‌లో ఆ పాటకు ముందున్నది ‘యు’ గదిలోని యేడుపు, తరువాత వున్నది లూసీ బేరం. జనం ఆ రెంటినీ వదిలి మధ్యనున్న పల్లవిని మాత్రం తీసుకుపోయారు. పల్లవి వీధిలో వుంది. చరణాలు యింకా ఆ హోటలు గదిలోనే వున్నాయి.