కదలని మూట, ఖాళీ బండి

మా ఊళ్లో డీటీపీ షాపు నడుపుకునే స్నేహితుడొకడు పెళ్లిళ్ల సీజను అయిపోగానే కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. పాతది అసెంబుల్డ్ డబ్బా. విండోస్ 7తో మొదలై, ఉచితంగా ఇచ్చిన రోజుల్లో 10కి ఎక్కి, అక్కడే ఆగిపోయింది. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పదేళ్ల శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, సర్పంచి ఎన్నికల కరపత్రాలు అన్నీ అందులోనే. "అన్నా, మొత్తం సిస్టమ్ ఇమేజ్ తీసి బయటి హార్డ్ డిస్కులో పెట్టా. కొత్తదాంట్లో ఉన్నదున్నట్టు దించేద్దాం. లైసెన్సు కూడా దాంతోపాటే వచ్చేస్తుందిగా?" అన్నాడు.

ఇల్లు మారేటప్పుడు సామాను వేరు, ఇంటి కాగితాలు వేరు అని వాడికి తెలుసు. కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే మూటలో ఉంటాయనుకున్నాడు. అలా అనుకోవడంలో వాడి తప్పు తక్కువ. సామాను సంగతికి విండోస్‌లో రెండు సాధనాలున్నాయి, కాగితాల సంగతికి రెండు రకాల లైసెన్సులున్నాయి. ఈ జతలను పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లే తక్కువ.

ముందు సామాను. సిస్టమ్ ఇమేజ్ పాత కాలపు మనిషి. విస్టాలో 'కంప్లీట్ పీసీ బ్యాకప్' అనే పేరుతో కొన్ని ఎడిషన్లకే దొరికింది. 2009లో విండోస్ 7 దాన్ని అందరికీ ఇచ్చింది. డిస్కును ఫైళ్ల లెక్కన కాకుండా బ్లాకుల లెక్కన తీసి, 'విండోస్ ఇమేజ్ బ్యాకప్' అనే ఫోల్డరులో వర్చువల్ డిస్కు ఫైలుగా పడేస్తుంది. ఆ ఫోల్డరు డిస్కు పై అంచులోనే ఉండాలి. ఎవరైనా శుభ్రం చేద్దామని దాన్ని ఇంకో ఫోల్డరులోకి జరిపితే రికవరీ తెరకు ఇక కనబడదు. ఇలాంటి పట్టింపులు దీనికి చాలానే ఉన్నాయి.

అయినా దీనిలో ఒక నిజాయితీ ఉంది. ఏదీ ఎంచదు, ఏదీ వదలదు. ప్రోగ్రాములు, ఫాంట్లు, సెట్టింగులు, మనం మర్చిపోయిన చెత్త, అన్నీ మూటగడుతుంది. హార్డ్ డిస్కు పోయినప్పుడు అదే యంత్రంలో కొత్త డిస్కు పెట్టి దించితే, నిన్న సాయంత్రం వదిలేసిన చోటికే తిరిగి వస్తాం. దాన్ని తయారుచేసింది ఆ పనికే.

చిక్కల్లా యంత్రం మారినప్పుడు. మా వాడి పాత డబ్బా బయోస్ పద్ధతిలో లేచేది, కొత్తది యూఈఎఫ్‌ఐ పద్ధతిలో. ఒకదాంట్లో తీసిన ఇమేజ్‌ను రెండోదాని మీద దించబోతే, ఫర్మ్‌వేర్ వేరు కాబట్టి కుదరదని విండోస్ ముఖం మీదే చెబుతుంది. అది కుదిరిన చోట డిస్కు కొలత అడ్డం పడుతుంది. పాతది ఒక టెరాబైటు, అందులో వాడింది 300 జీబీ. కొత్త ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. మన లెక్కలో సరిపోతుంది, దాని లెక్కలో సరిపోదు. లోపలి సరుకు ఎంతన్నది కాదు, పెట్టె ఎంతన్నదే చూస్తుంది. ఈ రెండూ దాటినా, డిస్కును నడిపే కంట్రోలర్ మారితే నీలి తెర రావచ్చు. విండోస్ 10 కాలానికి ఆ బెడద తగ్గిందిగానీ పోలేదు. పైగా దించడమంటే కొత్త డిస్కును తుడిచేయడమే. ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన రికవరీ విభాగం కూడా దాంతోపాటే పోతుంది.

బయటి బ్యాకప్ ప్రోగ్రాములైన అక్రోనిస్‌లో యూనివర్సల్ రిస్టోర్, మాక్రియంలో రీడిప్లాయ్ అనే సదుపాయాలు సరిగ్గా ఈ గండం దాటించడానికే పుట్టాయి. వేరే కంపెనీలు ఈ పని మీద బతకగలిగాయంటే విండోస్ సొంత సాధనంలో లోటు ఎంతో అర్థమవుతుంది. 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నాటికి మైక్రోసాఫ్టే సిస్టమ్ ఇమేజ్‌ను వదిలించుకోబోయే వాటి జాబితాలో చేర్చి, బయటివాళ్ల సాధనాలు వాడుకోమంది. తీసేసిందా అంటే అదీ లేదు. విండోస్ 11 కంట్రోల్ ప్యానెల్లో ఇప్పటికీ 'విండోస్ 7' అనే తోకతోనే కనిపిస్తుంది. రిటైరైన గుమాస్తా రోజూ ఆఫీసుకొచ్చి పాత కుర్చీలో కూర్చున్నట్టుంటుంది.

ఇక రెండోది విండోస్ బ్యాకప్ అనే యాప్. 2023లో వచ్చింది. ఇది పూర్తిగా కొత్త తరం. హార్డ్ డిస్కు అడగదు, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లు, వైఫై పాస్‌వర్డులు, తెర రంగులు, యాప్‌ల జాబితా తీసుకెళ్లి వన్‌డ్రైవ్‌లో పెడుతుంది. కొత్త కంప్యూటరు మొదటిసారి తెరిచి అదే ఖాతాతో లోపలికెళితే, పాతది తెమ్మంటారా అని మర్యాదగా అడుగుతుంది. ఫర్మ్‌వేర్ గొడవ లేదు, డిస్కు కొలత గొడవ లేదు. ఇమేజ్ ఎక్కడ మొండికేస్తుందో అక్కడ ఇది సాఫీగా పోతుంది.

కానీ ఏం తీసుకెళుతోంది? వన్‌డ్రైవ్ ఉచిత చోటు 5 జీబీ. మా వాడి ఫ్లెక్సీ డిజైన్లు నాలుగు పెడితే నిండిపోతుంది. పేజ్‌మేకర్ లాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రామును ఇది మోయదు. మహా అయితే "మీకిది ఉండేది" అని గుర్తుచేస్తుంది, తెచ్చుకోవడం మన పని. అన్నిటికంటే ముఖ్యం, మన భాషవాళ్లకు ప్రత్యేకంగా తగిలేది, ఫాంట్ల సంగతి. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. వాటితో కొట్టిన తెలుగు, ఫైలు లోపల ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా దాక్కుని ఉంటుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు డాలర్లు, బ్రాకెట్లు కనిపిస్తాయి. ఆ ఫాంట్లుండేది విండోస్ ఫోల్డరులో, డాక్యుమెంట్స్‌లో కాదు. కొత్త బ్యాకప్ అక్కడిదాకా చెయ్యి చాపదు. ఇమేజ్ మాత్రం ఆ సంగతి ఆలోచించకుండానే పట్టుకొచ్చేస్తుంది.

ఒకటి అన్నీ మూటగట్టి కదలనంటుంది. రెండోది ఎక్కడికైనా వస్తుంది, బండిలో పెద్దగా ఏమీ ఉండదు. వీటి మధ్య ఒకప్పుడు విండోస్ ఈజీ ట్రాన్స్‌ఫర్ ఉండేది. ప్రోగ్రాములు మోయకపోయినా, యూజర్ ఖాతాలనూ ఫైళ్లనూ సెట్టింగులనూ ఒక కేబుల్ మీదో, బయటి డిస్కు మీదో నేరుగా కొత్తదానికి చేర్చేది. ఎవరి సర్వరూ మధ్యలో లేదు. విండోస్ 10తో దాన్ని తీసేశారు. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో బాగా చేసిన పనిముట్టు అదే.

విండోస్ బ్యాకప్ వెనక ఇంకో లెక్క కూడా ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. ఆ పైన 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు కావాలంటే మైక్రోసాఫ్ట్ ముందుపెట్టిన దారుల్లో ఒకటి 30 డాలర్లు కట్టడం, మరొకటి డబ్బులేమీ కట్టకుండా ఈ బ్యాకప్ ఆన్ చేసి సెట్టింగులను ఖాతాతో కలపడం. బ్యాకప్ అంటే నష్టం రాకుండా మనం చేసుకునే ఏర్పాటు అనుకుంటాం. ఇక్కడ అది మనల్ని ఖాతాలోకి రప్పించే తాయిలం కూడా. సిస్టమ్ ఇమేజ్‌కు ఎన్ని మొండితనాలున్నా ఆ బుద్ధి మాత్రం లేదు. మన డిస్కు మీద మన ఫైలుగా పడి ఉంటుంది.

ఇప్పుడు కాగితాలు. 2001లో ఎక్స్‌పీతో యాక్టివేషన్ వచ్చినప్పటి నుంచి విండోస్ లైసెన్సు ఒక యంత్రాన్ని చూసి గుర్తుపెట్టుకుంటుంది. ఆ యంత్రంలో ప్రధానంగా చూసేది మదర్‌బోర్డు. ఇమేజ్‌లో 25 అక్షరాల కీ నమోదై ఉండొచ్చు, అంతమాత్రాన కొత్త మదర్‌బోర్డు మీద అది చెల్లదు. చెల్లడం, చెల్లకపోవడం లైసెన్సు ఏ జాతిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

జాతులు ప్రధానంగా రెండు: ఓఈఎం, రిటైల్. మన పక్క రైతులకు చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఓఈఎం అసైన్డ్ భూమి, రిటైల్ పట్టా భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద పేదవాడికిచ్చిన భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకు వదిలివెళ్లొచ్చు, అమ్ముకోవడానికి లేదు. ఆ చట్టానికి తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయన్నది వేరే కథ. కంప్యూటరుతోపాటు వచ్చిన విండోస్ కూడా అంతే. ఆ కంప్యూటరును ఇంకొకరికి అమ్మితే దానితోపాటు పోతుంది. దాన్ని విడదీసి వేరే యంత్రానికి పెట్టుకుంటానంటే ఒప్పందం ఒప్పుకోదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సునైతే మన ఇంకో కంప్యూటరుకు మార్చుకోవచ్చు. పాతదాంట్లోంచి తీసేయాలన్నదే షరతు. పోలిక ఒక చోట తెగుతుంది. భూమి చావదు, మదర్‌బోర్డు చస్తుంది. డబ్బిచ్చి కొన్న హక్కు ఒక ఇనపముక్క ఆయుష్షుతో ముగియడం నాకెప్పుడూ మింగుడుపడదు.

అందరికీ మింగుడుపడలేదు కూడా. జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2000 జులైలో మైక్రోసాఫ్ట్ ఓఈఎం సాఫ్ట్‌వేర్ కేసులోనే, ఒకసారి మార్కెట్లోకి వదిలిన కాపీని కంప్యూటరుతో కలిపే అమ్మాలని మూడో వ్యక్తిని కట్టడి చేయడం కుదరదంది. కాబట్టి ఓఈఎం కదలకపోవడం సాంకేతిక సత్యమేమీ కాదు, ఒప్పందంలో రాసుకున్న మాట.

2012లో విండోస్ 8 నుంచి పెద్ద కంపెనీలు కీని స్టిక్కరు మీద అచ్చువేయడం మాని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే దాచడం మొదలుపెట్టాయి. దీనివల్ల సామాన్యుడికి ఒక మేలు జరిగింది. షాపులో విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు దాని కాగితం దాని ఒంట్లోనే ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ ఎక్కిస్తే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. పాత లైసెన్సు తీసుకెళ్లే అవసరమే లేదు. చిక్కు ఎడిషన్ దగ్గర వస్తుంది. పాతదాంట్లో ప్రో, కొత్తదాంట్లో హోమ్ ఉంటే, దించిన ప్రో ఇమేజ్ కొత్త యంత్రం ఒంట్లోని హోమ్ కీతో యాక్టివేట్ కాదు.

నిజానికి లైసెన్సు తరలించే అవసరం పడేది అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకునేవాళ్లకే. వాళ్లలో రిటైల్ కొన్నవాళ్లకు 2016 నుంచి ఒక దారి ఉంది. లైసెన్సును ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టుకుంటే, కొత్తదాంట్లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి, హార్డ్‌వేర్ మార్చానని చెప్పి తెచ్చుకోవచ్చు. ఎన్నిసార్లయినా కాదు, దానికీ హద్దుంది.

ఇక్కడే ట్యాలీ గుర్తొస్తుంది. మన షాపుల్లో విండోస్ పక్కనే కూర్చునే ప్రోగ్రాము. దానికి లైసెన్సు సరెండర్ చేసే మీట ఉంది. పాత యంత్రంలో సరెండర్ చేసి, కొత్తదాంట్లో యాక్టివేట్ చేస్తారు. అకౌంటెంటు కుర్రాడు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. విండోస్‌లో అలాంటి మీట లేదు. కమాండుతో కీ తీసేయొచ్చుగానీ, అది ఆ యంత్రంలో మాత్రమే చెరిగిపోతుంది. ఇతను వదిలేశాడు అన్న కబురు సర్వరుకు చేరదు. తీసేయాలని షరతు పెట్టిన కంపెనీ, తీసేశానని చెప్పుకునే కిటికీ పెట్టలేదు. ఈ పోలికలో ట్యాలీకే నా మార్కులు.

మ్యాక్ మాటేమిటని అడిగేవాళ్లుంటారు. అక్కడ కీ లేదు, మైగ్రేషన్ అసిస్టెంట్ ఉంది, ప్రోగ్రాములు కూడా వస్తాయి. అయితే అది కూడా పాత సిస్టమ్‌ను మోయదు. కొత్త మ్యాక్ తన సిస్టమ్ తను ఉంచుకుని, మన సామాను మాత్రమే దించుకుంటుంది. యంత్రమూ సిస్టమూ ఒక్కరే అమ్మినప్పుడు ఇది సులువు.

మా వాడి షాపులో కూడా చివరికి ఆ పద్ధతే పట్టాం. డబ్బా పక్క స్టిక్కరు మీద ఓఈఎం అని ఉంది, కాబట్టి దాని లైసెన్సును దానికే వదిలేశాం. ఇమేజ్‌ను దించలేదు. అందులోని వర్చువల్ డిస్కు ఫైలు మీద రెండుసార్లు నొక్కితే కొత్త ల్యాప్‌టాప్‌లో అదొక మామూలు డ్రైవులా తెరుచుకుంది. యూజర్ ఫోల్డరులోంచి డిజైన్లు, విండోస్ ఫోల్డరులోంచి ఫాంట్లు తీసుకున్నాం. పేజ్‌మేకర్‌ను సీడీలోంచి మళ్లీ ఎక్కించాం. అది సీరియల్ నంబరు అడిగి ఊరుకునే కాలపు ప్రోగ్రాము. శనివారం రాత్రి కూర్చుంటే ఆదివారం తెల్లారింది. కదలదని తిట్టిన మూటే ఆ రాత్రి మాకు గోడౌనులా పనికొచ్చింది. ఇమేజ్ తీయమని అందరికీ చెబుతాను, కొత్త యంత్రం మీద దించమని మాత్రం చెప్పను.

మీ దగ్గర మార్చాల్సిన పాత కంప్యూటరు ఉంటే, అది ఇంకా వెలుగుతుండగానే ఒక పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్, ఎల్, ఎమ్, జీ, ఆర్ అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీ, ఎల్, ఐ అని కొట్టండి. వచ్చే చిన్న పెట్టెలో ఓఈఎం అని ఉంటే ఆ లైసెన్సు గురించి ఇక ఆలోచించకండి. రిటైల్ అని ఉంటే, పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేముందు మీ ఖాతాతో ముడిపడి ఉందో లేదో చూసుకోండి.