తిలంగా, పటాలం: తెలుగు సిపాయి జాడ

అంబాజీపేట ఇళ్లలో పిల్లలు గుంపుగా వస్తే ‘పటాలం దిగింది’ అంటారు. ‘బెటాలియన్’ నుంచి పుట్టిన ఆ మాటలో ఇప్పుడు సిపాయి లేడు. ఉత్తరాదిన ఇందుకు భిన్నంగా, దక్షిణం నుంచి వెళ్లిన కంపెనీ సైనికుల మూలంగా సిపాయికే ‘తిలంగా’ అని పేరు పడింది. దీనిని గర్వంగా ఉదాహరించడం పరిపాటి. అయితే 1857లో ఢిల్లీలో ‘తిలంగాలు’ అనిపించుకున్నవారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతీయులు. ఆ పదాన్ని తెలుగు సిపాయి జీవితానికి సాక్ష్యంగా స్వీకరించలేం.

1873లో ఆంగ్లంలో అచ్చైన సీతారాం పాండే ఆత్మకథ ప్రామాణికతపై సందేహాలున్నాయి. అయినా సిపాయి మనస్సు అనగానే పరిశోధకులు దానినే తెరుస్తారు. కులభ్రష్టత్వ భీతి అందులో ప్రధానం. మద్రాసు సిపాయికి ఆ కొలత సరిపోదు. అతనిని ఎవరూ నిర్బంధించలేదు; నెలకు 7 రూపాయల జీతానికి తానే చేరాడు. ఆలుబిడ్డలు పటాలం వెంటే లైన్లలో కాపురముండేవారు. 1824లో బర్మాకు, 1840లో చైనాకు ఓడ ఎక్కినప్పుడు మాత్రం వారు ఒడ్డునే మిగిలారు. జీతంలో కొంత వారికి చెల్లించే ఏర్పాటుండేది. 1841 మేలో కాంటన్ చెంత 37వ మద్రాసు పటాలపు దళమొకటి కుండపోత వానలో, పేలని తుపాకులతో చిక్కుకున్న ఘట్టాన్ని యుద్ధచరిత్రలు వర్ణిస్తాయి. నా దృష్టిలో ఆ చెల్లింపు చిట్టాయే అంతకన్న విలువైన పాఠం: సిపాయి ఎవరి కోసం వెళ్లాడో అది చెబుతుంది.

ఆ శతాబ్ది చివరి దశకాల్లో ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం బలపడి, సైన్యంలో తెలుగువారి చేరికకే తలుపులు మూసుకుపోసాగాయి.