ముందు మందుల సంచి చూడండి

పెద్దవాళ్లకి మతిమరుపు వచ్చిందంటే మా దిండి ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "వయసైపోయిందండీ, ఏం చేస్తాం!" ఆ మాట అనేముందు వాళ్ల మందుల సంచి చాపమీద బోర్లించి చూడమని ఇల్లిల్లూ తిరిగి చెబుతుంటాను. నెపం వయసుమీద పెట్టేస్తే నయమయ్యే జబ్బుకి కూడా వైద్యం అందదు.

మా పెద్దత్తయ్యకి పొద్దున తాగిన కాఫీ మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. సంచి బోర్లిస్తే సగం వాడిన షీట్లు, కాగితం పొట్లాల్లో విడి మాత్రలు. రాజోలులో నిద్రకి రాసిన ఆల్ప్రాజోలం ఒకటి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లినప్పుడు ఇంకో బ్రాండు పేరుతో రాయించుకున్న అదే ఆల్ప్రాజోలం ఇంకొకటి. వీటికి తోడు జలుబుకని క్లోర్‌ఫెనిరమిన్. అదీ మత్తు పెంచి మతి మందగింపజేసేదే. "రంగులు వేరు కదే, మందులూ వేరనుకున్నా" అంది. డాక్టరుగారు నిద్రమాత్ర కొద్దికొద్దిగా తగ్గించారు. ఒక్కసారే ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే సొంత వైద్యం కూడదు. కొన్ని వారాలకి మనుషుల పేర్లూ, వంటలో ఉప్పూ మళ్లీ సరిగ్గా గుర్తుండసాగాయి.

సంచిలో కనపడనివి రక్తపరీక్షలో బయటపడతాయి. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా మతిమరుపొస్తుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 తగ్గే అవకాశం ఎక్కువ. బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు సోడియం తగ్గించి మనిషిని అయోమయంలో పడేస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. రేవు మెట్లమీద జారి తలకి దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, మెదడు పైపొర కింద రక్తం మెల్లగా చేరి కొన్ని వారాలకి మతి తప్పొచ్చు. సీటీ స్కాన్‌లో అది తెలుస్తుంది, ఆపరేషన్‌తో ఆ రక్తం తీసేయొచ్చు. దిగులు జబ్బూ జ్ఞాపకాన్ని మింగేస్తుంది, దానికీ వైద్యం ఉంది.

ఇవేవీ కాక డిమెన్షియానే కావచ్చు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి అది ఉందని అంచనా. అందులో ఎక్కువమందికి వచ్చే అల్జీమర్స్‌ని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అయినా తొందరగా తెలిస్తే పొలం కాగితాలేం చేయాలో, బ్యాంకు సంగతి ఎవరు చూడాలో, తాను ఎవరి దగ్గరుండాలో ఆ మనిషే నోరారా చెప్పగలుగుతారు. ఆ వ్యవధి వాళ్లకి దక్కాలి, అది వాళ్ల హక్కు.