ఇరవై వేలకెక్కి దిగివచ్చే లెక్క

కువైట్‌లోని సాల్మియాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పిల్లల చదువంటే ముందు లెక్కలే. సాయంత్రం అబాకస్ క్లాసు, శుక్ర శనివారాల్లో ఒలింపియాడ్ కోచింగ్. ఇంత లెక్కల మోజున్న చోట, లెక్కల్లోకెల్లా అందమైన విద్య ఒకటి ఎవరికీ పట్టడం లేదు. మూడంకెల జవాబు కోసం మధ్యలో ఇరవై వేల దాకా ఎగబాకి, గురి తప్పకుండా దిగివచ్చే విద్య అది.

ఫ్రెంచి టీవీ ఆట నుంచి పుట్టి, 1982లో బ్రిటన్‌కు చేరిన 'కౌంట్‌డౌన్' దీనికి పెద్ద వేదిక. ఆరు సంఖ్యలు, మూడంకెల లక్ష్యం, 30 సెకన్లు. ఏ సంఖ్యనైనా ఒక్కసారే వాడాలి, భిన్నాలు కూడవు. చాలామంది వెయ్యి లోపలే తచ్చాడతారు.

1997లో జేమ్స్ మార్టిన్ అనే పోటీదారుకు 25, 50, 75, 100, 3, 6 వచ్చాయి. లక్ష్యం 952. ఆయన 100కు 6 కలిపి, 3తో హెచ్చవేసి 318 చేశాడు. దాన్ని 75తో హెచ్చవేస్తే 23,850! అందులో 50 తీసేసి, 25తో భాగించాడు. సరిగ్గా 952. ఆహా, ఏమి లెక్క!

ఇందులో కిటుకు చూడండి. ఆయనకు కావలసింది 106ను 9తో హెచ్చవేసి 2 తీసేయడం. 75ను 25తో భాగిస్తే 3 వస్తుంది, 50ను 25తో భాగిస్తే 2 వస్తుంది. కానీ చేతిలో ఉన్నది ఒక్కటే 25! అందుకే భాగహారాన్ని చివరిదాకా ఆపి, ఒక్క 25తో రెండు పనులూ చేయించాడు. పెద్ద సంఖ్య అలా పుట్టింది, ఆర్భాటం కోసం కాదు. 6ను 75తో హెచ్చవేసి 50తో భాగిస్తే 9. దాన్ని 103తో హెచ్చవేసి 25 కలిపినా 952 వస్తుంది. అదీ చక్కని దారే. అయినా నా ఓటు మార్టిన్‌కే.

పెద్ద సంఖ్యకు జంకని గుండె మనకు కొత్తా? కువైట్‌లో ఇంతమంది ఉన్న కడప జిల్లావాళ్ళం కాలరెగరేసి చెప్పుకోవలసిన పేరు లక్కోజు సంజీవరాయశర్మ. ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో 1907లో పుట్టిన అంధుడు, వయొలిన్ విద్వాంసుడు, వేల గణితావధానాలు చేసిన మహానుభావుడు. రెండును 103వ ఘాతానికి పెంచితే ఎంతని అడిగితే, 32 అంకెల జవాబును నోటితో చెప్పారంటారు. పలకా బలపం లేవు, కంటిచూపూ లేదు!

అలాంటి గడ్డ పిల్లలకు ఇప్పుడేం నేర్పుతున్నాం? గబగబా కూడి చప్పట్లు కొట్టించుకోవడం. వార్షికోత్సవం వేదిక మీద ముందే బట్టీపట్టిన లెక్కలు అప్పజెప్పించి మేధావి అని దండ వేయడం. ఆరు సంఖ్యలు నొక్కితే దారి చూపించే యాప్‌ను చేతికివ్వడం. ఇది విద్య కాదు, విద్య పేరిట మోసం. వేగం యంత్రానికీ ఉంది. ఏ భాగహారాన్ని ఎక్కడిదాకా ఆపాలో కనిపెట్టే చూపు మనిషి సాధనతోనే వస్తుంది.

అమ్మలారా, అయ్యలారా! ఈ శుక్రవారం ఫోన్లు పక్కనపెట్టి, అవే ఆరు సంఖ్యలిచ్చి 956 తెమ్మని పిల్లల్ని అడగండి. 30 సెకన్లు కాదు, పూటంతా ఇవ్వండి. ఇరవై మూడు వేలు దాటడానికి భయపడవద్దని మాత్రం చెప్పండి.