ఉద్ధరణ సంఖ్యయు పరిశోధన మూల్యమును: అద్దంకి శాసనాధ్యయనము నిదర్శనముగా

ఒక పరిశోధన వ్యాసమును తరువాతి వారెందరు పేర్కొనిరో లెక్కించి, ఆ లెక్కను బట్టి వ్యాసకర్త యోగ్యతను నిర్ణయించు పద్ధతి మన విశ్వవిద్యాలయములలో వేళ్లూనుకొన్నది. దీనిని తెలుగున గ్రంథమితిశాస్త్రమని వ్యవహరింపవచ్చును. ఈ పద్ధతి తెలుగు పరిశోధన విషయమున ఎంతవరకు చెల్లునో విచారించుట మా ఉద్దేశము. విచారణకు అద్దంకిని గైకొనుచున్నాము. ఏలనన తెలుగు శాఖలలో ఏ విద్యార్థియు అద్దంకి పేరు వినక పట్టా పుచ్చుకొనడు.

మొదట ఈ లెక్క ఏల పుట్టినదో చూడవలెను. 1927లో గ్రాస్ అను ఇంటిపేరు గల ఇరువురు ఒక రసాయనశాస్త్ర పత్రికలోని ఉద్ధరణలను లెక్కించిరి. ఒక చిన్న కళాశాల గ్రంథాలయమునకు ఏ పత్రికలు కొనుట మేలో తేల్చుట వారి ప్రయోజనము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును తీర్చిదిద్దిన ఎస్. ఆర్. రంగనాథన్ 1948లో గ్రంథాలయ వ్యవహారములకు గణితమును జోడింపవలెనని సూచించినదియు ఇట్టి ప్రయోజనమునకే. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ ప్రతిపాదించి 1964 నాటికి వెలువరించిన విజ్ఞానశాస్త్ర ఉద్ధరణసూచిక కూడ ప్రధానముగా వెదకుకొనుటకు ఉద్దేశింపబడిన సాధనమే. పుస్తకములు కొనుటకును, వ్యాసములు వెదకుటకును పుట్టిన కొలత క్రమముగా మనుష్యులను తూచు త్రాసైనది. 2005లో భౌతికశాస్త్రజ్ఞుడు హిర్ష్ ఒక్కొక్క పరిశోధకునికి ఒక్కొక్క అంకెను కట్టు సూత్రమును చెప్పెను. ఒకని వ్యాసములలో పది, ఒక్కొక్కటి పదిమారులకు తగ్గక పేర్కొనబడినచో వాని అంకె పది. దీని ఫలితమేమనగా, జన్మమున ఒక్కటే గొప్ప వ్యాసము వ్రాసినవాని అంకె, వేయిమంది వానిని పేర్కొన్నను, ఒకటికి మించదు.

ఇక అద్దంకి. సుమారు 848 నాటి పండరంగని శాసనము అచ్చటిది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు బోయకొట్టములు పండ్రెండు గైకొన్న సంగతిని అందలి పద్యము చెప్పును; ఆ పద్యము తరువోజ. నన్నయకు దాదాపు రెండు శతాబ్దములకు పూర్వమే ఛందోబద్ధమైన తెలుగు పద్యము శిలపై నిలిచియున్నదని దీనివలన తేలినది. సాహిత్య చరిత్రలన్నియు తమ మొదటి ప్రకరణమును తిరిగి వ్రాసికొనవలసి వచ్చినది. ఒక్క శిల, ఒక్క పద్యము, దానిని చదివి సవరించిన కొద్దిమంది పండితుల శ్రమ. ఫలమా, ఒక భాష యొక్క కావ్యచరిత్రకు కొత్త ఆరంభము.

ఈ ఫలమును ఉద్ధరణసూచిక ఎట్లు కొలుచును? కొలువదు. ప్రథమాబ్దమును వల్లించు విద్యార్థి ఆ పాఠమును నిర్ణయించిన పరిష్కర్త పేరు చెప్పడు; పాఠ్యపుస్తకమును చెప్పదు. విషయము ఎంత లోతుగా ఇంకినదో కర్త పేరు అంతగా మరుగుపడును. మెర్టన్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు విజ్ఞానశాస్త్రములలోనే ఈ ధర్మమును గుర్తించియుండెను. శాసనపరిశోధనలో ఇది మరింత ప్రబలము. ఒక అక్షరమును సరిగా చదివినవాని శ్రమ తరువాతి ముద్రణములలో పాఠముగానే కలిసిపోవును, ఉద్ధరణముగా మిగులదు. పైగా పత్రికల ప్రభావాంకమును సామాన్యముగా రెండేండ్ల ఉద్ధరణలతో కట్టుదురు. వేయేండ్లకు పైబడిన శిలపై చర్చ రెండేండ్లలో ముగియవలెననుట మాకు నవ్వు తెప్పించుచున్నది.

అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి కాలమును, ఆయనకు ఎఱ్ఱన హరివంశమును అంకితమిచ్చిన పరిస్థితులను తెలిసికొనగోరువారు నేటికిని తెరచు గ్రంథము మల్లంపల్లి సోమశేఖరశర్మగారి రెడ్డి రాజ్యముల చరిత్ర. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని 1948లో ఆంగ్లమున ప్రకటించినది. శర్మగారు పట్టభద్రులు కారు. ఐనను అదే పరిషత్తు వారిని అధ్యాపకులుగా గౌరవించినది. నాటి పెద్దలు వారి వ్రాతలను చదివి వారిని ఎన్నుకొనిరి. నేటి నిబంధనల లెక్కలో వారి దరఖాస్తు మొదటి వడపోతలోనే నిలిచిపోవును. ఇంకొక చిక్కు గలదు. పాశ్చాత్య సూచికలు పేరు చివరి మాటను ఇంటిపేరుగా గ్రహించును. కనుక మల్లంపల్లివారు ‘శర్మ’ అను శీర్షికక్రింద, దేశమందలి వేలాది శర్మలతో కలిసిపోవుదురు. ఇంటిపేరు ముందుంచు మన సంప్రదాయము యంత్రమునకు తప్పుగా కనబడును.

ఐనను లెక్కను పూర్తిగా త్రోసిపుచ్చుట న్యాయము కాదు. లెక్క లేని కాలమున పరిచయములకును, ప్రాపకములకును ఎంత చోటుండెనో ఎరిగినవారు ఎరుగుదురు. ఒకే ఉపన్యాసమును మూడు సన్మానసంచికలలో మూడు పేర్లతో అచ్చువేయించుకొను అలవాటు మనలో లేదని ఎవరు చెప్పగలరు? విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2010లో వ్యాసములకు మార్కులు నిర్ణయించుటకు ఇట్టి విచ్చలవిడితనము కొంత కారణము. కాని ఔషధము వ్యాధిని పెంచినది. మార్కుల కొరకు వ్యాసములు, వ్యాసముల కొరకు పత్రికలు పుట్టుకొచ్చినవి. సంఘము 2017లో ప్రకటించిన ఆమోదిత పట్టికనుండి 2018లో 4,305 పత్రికలను తొలగింపవలసి వచ్చినది. 2019లో వేరొక పట్టిక వచ్చెను. 2025లో దానినియు విడిచి, పత్రికల మంచిచెడ్డలను ఆయా సంస్థలే నిర్ణయించుకొనవలెనని చెప్పిరి. ఇంతకాలము మన విద్యార్థులు వ్యాసము చేతబట్టి ‘ఇది సరియా?’ అని గాక ‘ఆ పత్రిక పట్టికలో నున్నదా?’ అని అడుగుటకు అలవాటుపడిరి.

నిర్ణయభారము తిరిగి శాఖల మీద పడినది గనుక మన లోపమును మనము చూచుకొనవలెను. తెలుగు విమర్శలో ఉత్తమమైన భాగము పత్రికలలో గాక గ్రంథపీఠికలలో నున్నది. పీఠికలను ఏ సూచికయు లెక్కింపదు. ఆ దోషము సూచికలది. కాని పూర్వపక్షమును ‘కొందరు పెద్దలు’ అని పేర్కొని, పేరును పుటయు చెప్పకుండుట మాత్రము మన దోషము. గౌరవముచేత పేరు దాచితిమందుము. ఆ గౌరవము ఆ పెద్దలను రికార్డులనుండి తుడిచివేయుచున్నది.

అంకెలు నిపుణుల పరిశీలనకు తోడు కావలెనే గాని బదులు కారాదనియు, ప్రాంతీయ విషయములపై జరుగు మంచి పరిశోధనను కాపాడవలెననియు 2015లో లైడెన్ ప్రకటన చెప్పినది. ఆ మాటను గోడకు వ్రేలాడదీసిన చాలదు. తెలుగు పరిశోధనకు మన సూచికను మనమే కూర్చుకొనవలెను. 1924 మొదలు 1991 వరకు నడచిన భారతి, ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రిక, శాసన సంపుటములు, ముఖ్య పీఠికలు దానికి ఆకరములు. అందు ‘ఎన్నిమారులు’ అనుటతో తృప్తిపడరాదు. అంగీకరించినదా, ఖండించినదా, సవరించినదా అని ప్రతి ఉద్ధరణమునకును గుర్తుంచవలెను. అద్దంకి శాసనముతో ఆరంభించుట సుకరమని మా అభిప్రాయము. వాఙ్మయము ఒక చేతికి అందునంత, వివాదము సజీవము. పాఠములన్నిటిని వరుసగా పేర్చి, ఏ అక్షరమును ఎవరు, ఏ సంవత్సరమున, ఎట్లు చదివిరో చూపు పట్టికను ఒక విద్యార్థి ఒక సంవత్సరములో సిద్ధపరుపగలడు. అట్టి పట్టికను పరిశోధనపత్రముగా అంగీకరించుటకు శాఖల పరీక్షకసంఘములు సమ్మతింపవలసి యున్నది.