చీకటిలో ముగిసిన కీర్తన

88వ కీర్తనను మన సంఘములలో చదువుట అరుదు. ఎజ్రాహీయుడైన హేమాను పేర నున్న ఈ విలాపము, తక్కిన అనేక విలాపములవలె తుదకు స్తోత్రమునకు తిరుగదు. 18వ వచనమున చీకటిలోనే నిలిచిపోవును.

బోధకులమైన మేము ఆ చివర మా సొంత ఆదరణను అతికించుచుందుము. బిడ్డను పాతిపెట్టి వచ్చిన యొక తల్లి యెదుట నేనును అట్లే చేసితిని. ఆమె తల వంచుకొని ఊరకుండెను. అది కీర్తనకు నేను చేసిన అన్యాయము, ఆమెకును.

హేమాను ఏమి చేసెనో చూడుడి. తన స్నేహితులను దూరము చేసినవాడు దేవుడే యని నేరము మోపును. అయినను, తన్ను రక్షించువాడని మొదట పిలిచిన ఆ దేవునికే 1, 9, 13 వచనములలో ముమ్మారు మొఱపెట్టును. జవాబు వచ్చినట్లు వ్రాయబడలేదు.

అట్టి మొఱను ఇశ్రాయేలీయులు దాచిపెట్టలేదు. ఆరాధనలో పాడుటకు ప్రధానగాయకుని కప్పగించిరి.