ఎక్స్‌పీ పోయినా ఉత్తరాలున్నాయి

"ఏటి మాస్టారూ, ఇంకా ఇదేనేటి?" కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చే కుర్రాడు నా తెర మీద అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ చూసినప్పుడల్లా అనే మాట ఇది. అతని ఆశ్చర్యంలో తప్పేం లేదు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చిన ఈ మెయిల్ ప్రోగ్రాము విండోస్ ఎక్స్‌పీతోనే ఆగిపోయింది. విస్టాలో దాని చోట విండోస్ మెయిల్ పెట్టారు. విండోస్ 7లో అదీ లేదు, లైవ్ మెయిల్ అని ఒకటి విడిగా దించుకోవాల్సి వచ్చింది. దానికీ 2017 జనవరిలో మంగళం పాడేశారు.

శ్రీకాకుళం, విజయనగరాల్లో అప్పట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ లైనే. సంచార్‌నెట్ అకౌంటు, మోడెమ్ కీచుమనడం, లైను కలిస్తే మన అదృష్టం. కలిశాక ప్రతి నిమిషానికీ లెక్కే. అందుకని ఉత్తరాలన్నీ ఒక్కసారిగా దించేసుకుని, లైను కట్ చేసి, తీరిగ్గా చదువుకునేవాళ్లం. జవాబులు రాసి అవుట్‌బాక్స్‌లో పడేస్తే మళ్లీ లైను కలిసినప్పుడు వెళ్లేవి. ఉత్తరం సర్వర్లో మిగిలేది కాదు, మన డిస్కులోకి వచ్చేసేది. దాని మేలు తర్వాతా తెలిసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ప్రాంతంలో కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అలాంటి రోజుల్లో బ్యాటరీలో కాస్త ప్రాణముంటే తెరుచుకునేది సొంత డిస్కులో ఉన్న కాగితమే.

అయితే ఎక్స్‌ప్రెస్ ఆ ఉత్తరాలను దాచే చోటు మహా మారుమూల. లోకల్ సెట్టింగ్స్ లోపల, ఐడెంటిటీస్ అనే ఫోల్డర్లో, మామూలుగా కంటికి కనపడకుండా ఉంటాయి. ఒక్కో ఫోల్డరుకు ఒక్కో డీబీఎక్స్ ఫైలు. అది 2 జీబీ దగ్గరికి పెరిగితే పాడైపోతుంది. మన వైపు చాలామంది ఉత్తరాలు పోగొట్టుకున్నది వైరస్‌తో కాదు, ఫార్మాట్‌తో. "ముందు మై డాక్యుమెంట్స్ కాపీ తీసేశామండీ" అంటారు బాగుచేసేవాళ్లు. ఉత్తరాలు అక్కడుంటే కదా!

ఎక్స్‌ప్రెస్‌ను ఈనాటి సర్వర్లతో మాట్లాడించడం మరో తంతు. ఎక్స్‌పీకి తెలిసిన గుప్తీకరణ టీఎల్ఎస్ 1.0 దగ్గర ఆగింది, ఇప్పటి సర్వర్లు చాలావరకు 1.2కు తక్కువైతే గడప తొక్కనివ్వవు. మధ్యలో స్టన్నెల్ అనే చిన్న ప్రోగ్రామును దుబాసీలా కూర్చోబెడితే పాత ప్రోగ్రాము చెప్పిందాన్ని కొత్త పద్ధతిలో చుట్టి పంపిస్తుంది. జీమెయిల్ 2022 మే 30 నుంచి పాత తరహా లాగిన్‌లు ఆపేసింది కాబట్టి రెండంచెల తనిఖీ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ తీసుకుని ఇవ్వాలి. ఇవన్నీ చేయొచ్చు. నేను మాత్రం వద్దంటాను. 2014 ఏప్రిల్ 8 తర్వాత ఎక్స్‌పీకి దిక్కులేదు. దాన్ని నెట్‌కు కలపడం మొండితనమే. నా ఎక్స్‌పీ ఇప్పుడు కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ లోపల, నెట్ తీసేసి నడుస్తోంది. చదవడానికే, రాయడానికి కాదు.

యూడోరా అనే మరో మెయిల్ ప్రోగ్రాము వాడినవాళ్లను చూస్తే కాస్త అసూయ. 1988లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో స్టీవ్ డోర్నర్ రాసిన ఆ ప్రోగ్రామును క్వాల్‌కామ్ 2006లో ఆపేసినా, 2018లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాని సోర్స్ కోడ్ బయటపెట్టింది. చేతనైనవాళ్లు విప్పి బాగుచేసుకుంటున్నారు. మన ఎక్స్‌ప్రెస్‌కు ఆ యోగం లేదు. కాకపోతే యూడోరాకు యూనికోడ్ పట్టదు, తెలుగు చూపించమంటే ప్రశ్నార్థకాలే. అది నడిచినా మనకెంత, నడవకపోయినా ఎంత!

అందుకే నా పనంతా ఉత్తరాలను బయటికి తెచ్చుకోవడం మీదే. ఎక్స్‌ప్రెస్‌లో ఎంచి మామూలు ఫోల్డర్లోకి లాగితే ఒక్కో ఉత్తరం ఒక్కో ఈఎంఎల్ ఫైలవుతుంది. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాము సంతోషంగా తీసుకుంటుంది. అమెరికా నుంచి మా తమ్ముడు రాసినవన్నీ ఇంగ్లిషు అక్షరాల తెలుగే. రైస్ యూనివర్సిటీలో మన విద్యార్థులు 1990ల మొదట్లో తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి. అప్పుడు చదవడానికి విసుగొచ్చేది. ఇప్పుడు వాటిని వీవెన్ తయారుచేసిన లేఖిని సైటులో అతికిస్తే, ఒకటి రెండు చోట్ల సవరించాక, చక్కటి తెలుగులో తేలుతున్నాయి.

చిక్కల్లా అటాచ్‌మెంట్లతో. విజయనగరంలో డీటీపీ చేయించి వాడికి పంపిన పెళ్లిపత్రిక పేజ్‌మేకర్ ఫైలు, లోపల అను ఫాంట్లు. నా దగ్గర తెరిస్తే పిచ్చి గీతలు. దానికోసం అను ఇంకా నడిపే డీటీపీ షాపుకే పోవాలి. అక్కడా పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఒకటి మూలనుంటుంది. తెరిపించి, పీడీఎఫ్ చేయించుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాను. తెచ్చుకోవలసినవి ఇంకా చాలానే ఉన్నాయి.